మేనేజర్ మీద రాని కోపం

భార్య మీద చెయ్యి చేసుకున్నవాడు అమెరికాలోని మన తెలుగు సంఘం పెద్దల ముందు కూర్చుంటే తరచూ వినపడే మాట, “కోపం ఆపుకోలేకపోయానండీ.” పెద్దలు తలూపి, కోపం అదుపులో పెట్టుకోవడం నేర్పే యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసులో చేరమంటారు. తప్పుదారి అక్కడే మొదలవుతుందని మా అభిప్రాయం.

ఆ కోపాన్ని కాస్త దగ్గర నుంచి చూడండి. మేనేజర్ నలుగురి ముందు దులిపేసినా అది బయటికి రాదు. ఇంట్లో మాత్రం దెబ్బ బట్టల కింద దాగే చోటే పడుతుంది. పగిలేది ఆవిడ ఫోను, అతని లాప్‌టాప్ కాదు. గుమ్మంలో పోలీసు కనబడగానే గొంతు మెత్తబడుతుంది. అదుపు తప్పినవాడికి ఇంత లెక్క ఎక్కడిది?

ఆ లెక్క వెనకున్నది హక్కు అన్న నమ్మకం. నేను తెచ్చుకున్నాను, నేను పోషిస్తున్నాను, కాబట్టి దారిలో పెట్టేదీ నేనే. ఈ నమ్మకం అతనొక్కడిదే అనుకోవడానికీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు అడిగారు. వాటిలో ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనని తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 84 శాతం మంది ఆడవాళ్లే ఒప్పుకున్నారు. ఇక మగవాడికి అనుమానమెందుకు వస్తుంది?

అమెరికాలో ఈ నమ్మకానికి వీసా తోడైంది. “నా హెచ్-1 మీద ఉన్నావు, ఒక్క మాట చెప్తే ఇండియా ఫ్లైటెక్కాల్సిందే” అంటాడు. ఇందులో బెదిరింపే ఎక్కువ. హింసకు గురైన హెచ్-4 భార్య (హెచ్-1 ఉద్యోగ వీసా ఉన్నవాడి భార్యగా వచ్చినావిడ) ఐ-765వి ఫారంతో సొంతంగా వర్క్ పర్మిట్ అడగొచ్చు, భర్త సంతకం అక్కర్లేదు. నేర దర్యాప్తుకు సహకరించే బాధితులకు 2000లో తెచ్చిన యు వీసా కూడా ఉంది. కాకపోతే ఏటా 10,000 మందికే ఇస్తారు, క్యూ చాంతాడంత.

హింస చేసేవాళ్ల కోసం నడిపే ప్రోగ్రాములు ఆ యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసుల్లాంటివి కావు. కాలిఫోర్నియాలో గృహహింస కేసులో ప్రొబేషన్ మీద, అంటే కోర్టు షరతుల మీద బయట ఉన్నవాడు కనీసం 52 వారాలు హాజరు కావాలి. అక్కడ “ఎందుకు కోపమొచ్చింది” అన్న దగ్గరే ఆగరు. కొట్టే ముందు ఏమనుకున్నావు, ఏం జరగాలని కొట్టావు, అది జరిగిందా అని అడుగుతారు. మొదట “తోశానంతే” అంటాడు, తర్వాత “తనే నోరు పారేసుకుంది” అంటాడు. మూడో ప్రశ్నకు నిజాయితీగా జవాబొస్తే అది “జరిగింది, నోరు మూసుకుంది” అనే. కొట్టింది దేనికో అప్పుడు అతని నోటే బయటపడుతుంది.

మన రాజీ పంచాయితీల్లో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడతారు. దయచేసి ఆ పని మానండి. అక్కడ ఆవిడ చెప్పిన ప్రతి మాటకూ ఇంటికెళ్లాక లెక్క అప్పజెప్పాలి, అందుకే “అంతా బాగానే ఉందండీ” అంటుంది. పెద్దలేమో సమస్య తీరిందని కాఫీలు తాగి లేస్తారు. ఆవిడతో విడిగా మాట్లాడండి. గొంతు నులిమాడా అని సూటిగా అడగండి. ఒక్కసారి నులిమినా, ఆ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని పరిశోధన చెబుతోంది. విడిపోతానన్నప్పుడూ ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి ఆ మాట అతని చెవిన పడేలోపే ఆవిడ ఎక్కడికి వెళ్లాలో తేలిపోవాలి.

అమెరికా జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఇస్తారు. ఆ కాల్ ఆవిడ ఫోన్ నుంచి చేయించకండి, కాల్ హిస్టరీలో అతనికి నంబరు కనబడొచ్చు.