క్వార్టర్ సీసాలో రాజనీతి శాస్త్రం

ప్రభుత్వం ఎంత ఉంటే సరిపోతుంది? సైన్యాన్ని, పోలీసులను, కోర్టులను చూసుకుని మిగతాదంతా బజారుకు వదిలెయ్యాలని ఒక వర్గం. పురిటి మంచం మొదలుకొని పాడె దాకా పౌరుడి పక్కనే ఉండాలని ఇంకో వర్గం. టీవీ చర్చల్లో ఈ రెండు వర్గాలూ ఏళ్ల తరబడి గొంతులు చించుకుంటున్నాయి. ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేసేదేమంటే, ఆ తగవు తెలుగునాట ఎప్పుడో తీరిపోయింది. తీర్చింది విశ్వవిద్యాలయాలు కాదు, మద్యం వ్యవహారాలు చూసే ఆబ్కారీ శాఖ. మన పండితులు అటువైపు వెళ్లరు కనుక (కనీసం పగటిపూట వెళ్లరు కనుక) ఆ సంగతి గ్రంథాలకు ఎక్కలేదు.

ఒకే సరుకు మీద ఇన్ని సిద్ధాంతాలను ప్రయోగించి చూసిన జాతి మరొకటి ఉంటుందని నేను అనుకోను. 1980ల్లో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లకెత్తి సరఫరా చేసేందుకు ‘వారుణి వాహిని’ అనే కార్యక్రమం పెట్టింది. పేరు వింటే ఏ మెట్ట ప్రాంతానికో కాలువ తవ్వుతున్నారని భ్రమపడతాం. 1986లో బెవరేజెస్ కార్పొరేషన్ పుట్టి మద్యం టోకు వ్యాపారాన్ని భుజాన వేసుకుంది. ఇది సంపూర్ణ సోషలిజం.

తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యతా తరగతుల్లో నాలుగు ముక్కలు నేర్చుకుని నేరుగా వెళ్లి సారా దుకాణం మూయించారు. నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. సర్కారు తన ఖర్చుతో చెప్పించిన చదువు సర్కారు రాబడికే గండి కొట్టింది. వయోజన విద్య మీద ఆ తరువాత ఏ ప్రభుత్వానికీ అంత ఉత్సాహం ఎందుకు కలగలేదో ఆలోచిస్తే, తప్పంతా వాళ్లదే అనలేం. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది. రెండేళ్లు రాష్ట్రం తల్లిలాగా ఉంది. 1997లో ఖజానా లెక్కలు చూసుకుని, నిషేధం ఎత్తేసి మళ్లీ మేనమామ అయింది.

అసలైన మేధోవైభవం ఇటీవలి కాలానిది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిల్లర దుకాణాలను కూడా స్వయంగా నడపడం మొదలుపెట్టింది. దశలవారీ మద్యనిషేధం కోసమే ఇది అని చెప్పారు. మాన్పించడానికే అమ్మడం. ఈ తర్కం అర్థం కానివారు ఇంకా పాత పుస్తకాలే చదువుతున్నారన్న మాట. 2020 మేలో లాక్‌డౌన్ సడలగానే ధరలు 75 శాతం పెంచారు. కొన్నిచోట్ల వరుసలను అదుపు చేయడానికి బడిపంతుళ్లకు డ్యూటీ వేశారు. బడులెటూ మూతపడ్డాయి, క్రమశిక్షణ నేర్పడం వారి వృత్తి. ఇందులో ఆక్షేపించడానికేముంది? 2022లో కార్పొరేషన్ మద్యం రాబడిని చూపి బాండ్ల మీద వేల కోట్ల అప్పు తెచ్చింది. మానేస్తారని జనానికి హామీ, మానెయ్యరని మదుపరులకు హామీ. ఒకే నోటితో రెండు హామీలు ఇవ్వడం ప్రైవేటు రంగానికి చేతనయ్యే పని కాదు.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, అక్టోబరులో సిద్ధాంతమూ మారింది. చిల్లర వ్యాపారం సర్కారు పని కాదని తేల్చి 3,396 దుకాణాలను ప్రైవేటువారికి లాటరీలో ఇచ్చారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా మూత తియ్యకుండానే దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. దానితోపాటు పేదవాడి కోసం 99 రూపాయల క్వార్టర్ ప్రవేశపెట్టారు. మార్కెట్ సంస్కరణ, సంక్షేమ రాజ్యం ఒకే కౌంటర్‌లో దొరికాయి.

తెలంగాణ ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ దుకాణాల్లో గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది కనుక సామాజిక న్యాయానికి లోటు లేదు. 2023లో 2,620 దుకాణాలకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి రుసుముల రాబడి 2,600 కోట్లు దాటింది. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు పడిపోయాయి, రాబడి మాత్రం 2,800 కోట్లు మించింది. అర్థశాస్త్రం ఎమ్మే విద్యార్థులు మూడు నెలలు కుస్తీ పట్టే పాఠాన్ని ఒక్క జీవోతో చెప్పేశారు. ఇక ఐఏఎస్ చదివిన కలెక్టరు కెమెరాల ముందు దుకాణాల లాటరీ టోకెన్ బయటికి తీసి చూపించే దృశ్యం ఉంది చూశారూ, సివిల్ సర్వీసు పరీక్ష ఎందుకంత కఠినంగా పెడతారో అప్పుడు తెలుస్తుంది.

చిల్లర అంగడి చేతులు మారుతూనే ఉంది గానీ, టోకు గోదాము తాళం మాత్రం ఏ పార్టీ వచ్చినా, రాష్ట్రం రెండుగా చీలినా, సర్కారు మొలతాడునే ఉంది. వ్యాపారం చేయడం ప్రభుత్వం పని కాదని 2021 ఫిబ్రవరిలో ప్రధాని సెలవిచ్చారు. అంతకు నెల ముందే విశాఖ ఉక్కును పూర్తిగా అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం అది. ఉక్కు వ్యాపారం, విస్కీ రాజధర్మం. కేంద్రం వేరు, రాష్ట్రం వేరు కదా అని మీరు గుర్తు చేయవచ్చు. చేయండి. ఉక్కు కోసం ఢిల్లీకి వినతిపత్రాలు పట్టుకుపోయిన మన నాయకుల్లో ఒక్కరైనా గోదాము తాళం మాట ఎత్తారా?

రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి రాజ్యం కృషి చేయాలంటుంది. చేస్తూనే ఉంది. మద్యనిషేధానికి, మద్యం అమ్మకానికి కలిపి ఒకటే శాఖ, ఒకరే మంత్రి. ఆ శాఖ సమర్థత చూడండి: ప్రతి సీసాకూ హోలోగ్రామ్ ఉంటుంది. ఏ డిస్టిలరీలో పుట్టింది, ఏ డిపోలో దిగింది, ఏ దుకాణానికి చేరింది అన్నీ కంప్యూటర్‌లో తెలుస్తాయి. సర్కారుకు ఏమీ చేతకాదనే మొదటి వర్గం ఇక్కడ ఓడిపోతుంది. చెయ్యాలనుంది గానీ వనరుల్లేవనే రెండో వర్గమూ ఓడిపోతుంది.

కాబట్టి ప్రభుత్వం పెద్దదా, చిన్నదా అనే చర్చ ఆపి ఒక చిన్న ప్రయోగం చేయాలని నా ప్రతిపాదన. ఒక్క సంవత్సరం బడి పుస్తకాల పంపిణీని బెవరేజెస్ కార్పొరేషన్‌కు అప్పగించండి. జూన్‌లో బడి తెరిచేసరికి రోడ్డు లేని గూడేనికి కూడా నాలుగో తరగతి లెక్కల పుస్తకం చేరకపోతే నన్నడగండి. ఒకటే షరతు. అది అర్ధరాత్రి బెల్టు షాపులో, ముద్రించిన ధర మీద ఇరవై రూపాయలు ఎక్కువకు దొరుకుతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఇప్పటిలాగే చూసీ చూడనట్టు ఊరుకోవాలి.