నిలబడిన కార్డినల్

పదిహేడవ శతాబ్దపు చిత్రకారుడు ఫిలిప్ ద షాంపేన్ గీసిన, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోపు తర్వాతి స్థాయి మతాధికారి) రిషెల్యూ నిలువెత్తు తైలవర్ణ చిత్రంలో మనిషి కన్నా వస్త్రమే ఎక్కువగా కనిపిస్తుందని ఆ చిత్రం గురించి రాసిన ఒక వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ కాలంలో చర్చి పెద్దలను కుర్చీలో కూర్చోబెట్టి చిత్రించడం ఆనవాయితీ. నిలువెత్తున నిలబడే భంగిమ ఎక్కువగా రాజులకు, రాజ్యాన్ని నడిపేవారికి చెందినది. 1624 నుంచి మరణించేవరకు పదమూడవ లూయీ కొలువులో ముఖ్యమంత్రిగా ఫ్రాన్స్‌ను నడిపించిన వ్యక్తి, మతాధికారి ఎర్రని అంగీలోనే ఆ భంగిమలో నిలబడ్డాడంటే, ఆ అంగీ అలంకారం కాదు, అధికార ప్రకటన. మెడలోని నీలి పట్టీకి వేలాడే పరిశుద్ధాత్మ ఆర్డర్ శిలువను కూడా గమనించాలి. అది ఫ్రెంచి రాజు ఇచ్చిన గౌరవం, రోములోని పోపు ఇచ్చినది కాదు. నేలదాకా జారే పట్టు మడతల అంచుల మీద చల్లని వెలుగు పదునుగా పడుతుంది, చాచిన చేతిలో ఎర్ర టోపీ ఉంటుంది, వీటన్నిటి పైన సన్నని గడ్డంతో ఆ కోలముఖం ఏ మాత్రం తొణకకుండా మనల్ని చూస్తుంది.

షాంపేన్‌కు ముఖం మీద శ్రద్ధ లేదనుకునేవారు లండన్ నేషనల్ గ్యాలరీలోనే ఉన్న మరో చిత్రాన్ని తప్పక చూడాలి. రోములోని శిల్పికి నమూనాగా పంపడానికి రిషెల్యూ ముఖాన్ని మూడు వైపుల నుంచి గీసిన ఆ పటంలో, కుడివైపు తల పైన, పక్కనుంచి గీసిన రెండు ముఖాల్లో ఇదే మెరుగైనదని ఫ్రెంచిలో రాసి ఉంటుంది.