విగ్రహం కింద శిల్పి పేరేది?

ఊరికి ఏదైనా చేద్దామనుకున్నప్పుడు మన ఊరివాళ్ల సంఘంలో కొందరు బడికి గది కట్టిస్తాం, కొందరు మంచినీళ్ల ప్లాంటు పెట్టిస్తాం, ఇంకొందరు విగ్రహం పెట్టిస్తాం. ఆ విగ్రహాల గురించే నా బాధ. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్లినప్పుడు ఏదో ఒక కూడలిలో ఆగి దిమ్మె మీద ఉన్న రాయి చదవండి. ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు ఉంటుంది. దాత పేరు, దాత తల్లిదండ్రుల పేర్లు, కమిటీ సభ్యులందరి పేర్లు ఉంటాయి. చేసినవాడి పేరు మాత్రం నాకు చాలాచోట్ల కనపడలేదు.

బొమ్మ గీసేవాళ్లకు ఈ కష్టం లేదు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు బొమ్మ మూల ‘వ.పా’ అని సంతకం చేసేవారు. చందమామ అట్టలు, ‘యువ’ పత్రిక పేజీలు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ రెండక్షరాలు చాలు. ఆయన సభలకూ సన్మానాలకూ దూరంగా బతికినా పేరు తెలుగువాళ్ల ఇంటింటికీ వెళ్లిందంటే ఆ సంతకం వల్లే.

కుంచె పట్టిన చేత్తోనే మట్టి కూడా పట్టినవాళ్ల సంగతి వేరు. అంట్యాకుల పైడిరాజు గారిది బొబ్బిలి. 1919లో పుట్టారు. మద్రాసు చిత్రకళా పాఠశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకున్నారు. రాయ్ చౌదరి కూడా చిత్రకారుడు, శిల్పి రెండూను. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు. 1929లో మద్రాసు వచ్చి దాదాపు మూడు దశాబ్దాల పాటు దక్షిణాది కుర్రాళ్లకు కళ నేర్పాడు. మెరీనా బీచిలో బండరాయిని కదపడానికి ఒళ్లంతా బిగబట్టిన నలుగురు కూలీల విగ్రహం ఆయన చేసిందే. దాని పక్కన ఫొటో దిగి వచ్చిన మనవాళ్లను అడిగి చూడండి, శిల్పి ఎవరో ఎంతమందికి తెలుసో.

అంత గురువు దగ్గర చదివిన పైడిరాజు గారు మద్రాసులో ఉండిపోలేదు. విజయనగరం వచ్చి చిత్రకళా పాఠశాల పెట్టి, ఈ ప్రాంతపు పిల్లలకు గీత నేర్పారు. ఆయన బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది పల్లె జీవితం, పల్లె ఆడవాళ్లు. 1986లో పోయారు. చిత్రకారుడిగా ఆయన పేరు కొంతైనా నిలిచింది. శిల్పిగా ఆయన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఇది చాలా పెద్ద అన్యాయం.

శిల్పికి కావలసిన సరుకు ఈ నేలలో ఎంత ఉందో ఆలోచించండి. విజయనగరంలో ఏటా జరిగే పైడితల్లమ్మ జాతరలో సిరిమాను సంగతే తీసుకోండి. యాభై అరవై అడుగుల చింతమాను. ఒక కొస బండి మీద ఉంటుంది, రెండో కొస ఆకాశంలోకి లేస్తుంది. ఆ పైకొసన పూజారి కూర్చుని ఉంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. బరువు ఎక్కడ పడాలి, ఎక్కడ తేలాలి అన్న లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఊరేగింపుగా నడుస్తాయి. బరువూ నిలకడా గురించి శిల్పి నేర్చుకోవలసిన పాఠం ఏడాదికోసారి నడివీధిలో జరుగుతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనసమానులోంచి వీణ తొలుస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడికీ కంచుకూ రూపం పోస్తారు. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లవాడికి ప్రేరణ కోసం ప్యారిస్ వెళ్లాల్సిన పని లేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఒక శిల్పి షెడ్డులో కాసేపు కూర్చున్నాను. చనిపోయిన ఒక మాస్టారి విగ్రహం చేస్తున్నాడు. కుటుంబం ఇచ్చింది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో, అదీ ఎదురుగా తీసింది. చెవి వెనక ఏముందో, మెడ ఎలా ఉండేదో దానిలో కనపడదు. అందుకని మాస్టారి కొడుకుని పిలిపించి, పక్కకి తిప్పి నిలబెట్టి, అతని దవడా చెవీ చూసి తండ్రివి పట్టుకుంటున్నాడు. ఇనుప ఊచల చట్రం మీద మట్టి. ఎండి పగలకుండా రాత్రుళ్లు తడిగుడ్డ చుడతాడు. మట్టి బొమ్మ సరే అనుకున్నాక ప్లాస్టర్‌తో అచ్చు తీయాలి. ఫైబర్ అయితే ఆ అచ్చులోనే పోస్తారు. కంచు అయితే మైనం బొమ్మ చేసి, మళ్లీ దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయాలి. అన్నిటికంటే కష్టం కళ్లజోడట. అద్దాల వెనక చూపు నిలబెట్టాలి కదా.

అదే షెడ్డు గోడకి అతను వేసిన బొమ్మలు ఉన్నాయి. ప్రతి బొమ్మ కిందా సంతకం ఉంది. విగ్రహం మీద ఎందుకు పెట్టవని అడిగాను. “పేరెట్టమంటే మల్లీ బేరం రాదు బాబూ” అన్నాడు.

మన సంప్రదాయంలో శిల్పి పేరు చెప్పుకోడు, అది వినయం అనేవాళ్లున్నారు. శ్రీముఖలింగం చూపిస్తారు. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి గోడల మీద ఆ లతలు, ఆ మూర్తులు ఎవరు చెక్కారో మనకు తెలియదు, నిజమే. కానీ దీపానికి దానమిచ్చినవాళ్ల పేర్లు అక్కడి శాసనాల్లో చక్కగా ఉన్నాయి. వినయం శిల్పికొక్కడికే ఎందుకు ఉండాలి? పైగా ఇప్పుడు కాలం వేరు. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రవీందర్ రెడ్డి గారు కొప్పులో పూలు పెట్టుకున్న మన ఆడవాళ్ల ముఖాలను మనిషెత్తున చేశారు. గ్యాలరీలో అవి ఎక్కడున్నా పక్కన ఆయన పేరుంటుంది. గ్యాలరీలో దొరికే ఆ మర్యాద కూడలిలో ఎందుకు దొరకదు?

డబ్బు ఇచ్చేది మనం కాబట్టి అడగాల్సిందీ మనమే. చేసేవాడు అడిగితే బేరం పోతుంది, మనం అడిగితే పోదు. విగ్రహానికి చందా ఇచ్చే ప్రతి ఒప్పందంలో మన సంఘం ఒక లైను రాయించాలి: శిల్పి పేరు, ఊరు, చేసిన సంవత్సరం దిమ్మె మీద దాత పేరున్న సైజులోనే ఉండాలి. ఆవిష్కరణ రోజు అతన్ని కుటుంబంతో సహా వేదిక మీదికి పిలవాలి. ఇప్పటికే నిలబెట్టిన విగ్రహాలకు కూడా ఒక చిన్న పలక అతికించవచ్చు. దానికయ్యే ఖర్చు ఆ రోజు వేదిక మీద కప్పే శాలువాల ఖర్చంత కూడా కాదు. కాకపోతే ఆ పని త్వరగా జరగాలి. పాత విగ్రహాలు చేసినవాళ్లలో చాలామంది పెద్దవాళ్లైపోయారు. ఏ విగ్రహం ఎవరు చేశారో చెప్పగలిగేవాళ్లు ఉన్నప్పుడే వెళ్లి అడిగి రాసుకోవాలి.