డాబా దేశంలో వడియాల వరద

వేసవి సెలవులకి మా మేనల్లుడు కాకినాడ వచ్చిన మూడో రోజుకి మా ఇల్లు ఒక దేశమైపోయింది. పేరు డాబా దేశం. మా అమ్మాయి రాణి, వాడు ముఖ్యమంత్రి. (రెండూ ఒకే దేశంలో ఎలా అని అడక్కండి. నేనడిగి తిట్లు తిన్నాను.)

తప్పంతా మా నాన్నది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఫైళ్ళ కట్టలు మోసిన మనిషి. "ఉత్త దేశమైతే ఎలార్రా, జిల్లాలుండాలి" అన్నారు. పిల్లలు చాక్‌పీసుతో నాలుగు గీశారు. "మన 13 జిల్లాల్ని 2022 ఏప్రిల్ 4న ఒక్క రోజులో 26 చేశారు తెలుసా" అని ఆయన ఇంకో మాట వదిలేసరికి సాయంత్రానికి ఎనిమిదయ్యాయి. ఫ్రిజ్ ఒక్కటే ఒక జిల్లా.

"తూర్పు గోదావరి జిల్లా కేంద్రం ఏది మామయ్యా?" అన్నాడు ముఖ్యమంత్రి. చిన్నప్పటి బట్టీ కొద్దీ "కాకినాడ" అన్నాను.

"రాజమండ్రి! కాకినాడ ఇప్పుడు వేరే జిల్లా."

కాకినాడలో కూర్చుని తప్పు చెప్పినందుకు నన్ను వరండా జిల్లాకి కలెక్టరుగా వేశారు. అక్కడున్నవి చెప్పుల స్టాండూ, మోటారు స్విచ్చీను.

మర్నాడు పొద్దున్నే అమ్మ డాబా మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. నేను మోటారు వేసి, హాల్లో పేపరు పట్టుకున్నాను. కాసేపటికి పైనుంచి మేనల్లుడి కేక: "ట్యాంకు నిండింది!"

లేచాను. గుమ్మంలో రాణిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "అలా అరిస్తే కుదరదు నాన్నా. కాగితం రావాలి. తాతయ్య సంతకంతో."

వాడు పరిగెత్తుకుంటూ దిగి నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం తెచ్చాడు. "మోటారు కట్టేయవలెనని ప్రార్థన." నాన్న కళ్ళజోడు వెతికి, తుడిచి, పెట్టుకుని, రెండుసార్లు చదివారు.

"తేదీ ఏదిరా?"

కాగితం వెనక్కి వెళ్ళింది. ఈలోగా పెన్ను రాయలేదు. పైన ట్యాంకు మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగకుండా పొంగిపోతోంది.

అమ్మ తడిసిన పంచె భుజానేసుకుని మెట్లు దిగింది. దాన్ని అంటుకుని పదో పన్నెండో వడియాలున్నాయి, మిగతావన్నీ తూములో ముద్ద. ఎనిమిది జిల్లాల గీతలూ తడి కాళ్ళతో తొక్కుకుంటూ వెళ్ళి మోటారు కట్టేసింది. ఎవరూ కాగితం అడగలేదు.

"ఎవరిది తప్పు?" అంది. నేను డాబా వైపు చూపించాను. డాబా హాలుని చూపించింది. నాన్న, "తేదీ వేసుంటే..." అని ఆగిపోయారు.

మధ్యాహ్నం భోజనంలో, పప్పులోకి పాత వడియాలేమైనా ఉన్నాయా అని నాన్న అడగబోయి, అమ్మ మొహం చూసి, కాగితం మీద రాసిచ్చారు. ఈసారి తేదీ వేశారు.