గల్లీల నడిచే పోలీసు కావాలె

కాలనీల్ల కెమెరాలు పెరిగితే గొడవలు తగ్గుతయని ఒక వ్యాసంల రాసిన్రు. దొంగను పట్టేందుకు కెమెరా పనికొస్తది, కాదనను. ఇరుగుపొరుగు నడుమ నమ్మకం మాత్రం దానితోని రాదు.

మాది వరంగల్, పాత బజార్ల నడుమ ఒక గల్లీ. తెలుగోళ్లు, ఉర్దూ మాట్లాడేటోళ్లు, మార్వాడీలు, బిహార్ కూలీలు అందరం ఉంటం. కొన్నేండ్ల కింద తెల్లారకముందే పోలీసులు కార్డన్ సెర్చ్ పెట్టిన్రు, అంటే గల్లీని చుట్టుముట్టి ఇల్లిల్లు సోదా చేసుడు. దాన్నే కమ్యూనిటీ కాంటాక్ట్ అని కూడా అంటరు. ఆధార్ చూపెట్టుమని గట్టిగ అడిగేసరికి పక్కింట్ల కిరాయికుండే బిహారీ పిలగానికి తెలుగు సమజ్ గాక చేతులు జోడించి గోడకు ఆనుకొని నిలవడ్డడు. ఏ తప్పు చేయనోడు! నాకింకా యాదికున్నది.

అదే గల్లీకి ఒక బీట్ కానిస్టేబుల్, అంటే మా ఏరియాల తిరిగి చూసుకునే పోలీసు, వచ్చేటోడు. బండి మూలమీద పెట్టి నడిచే తిరిగేది. ఉర్దూల ఖైరియత్ అడిగేది. మోరీ నీళ్ల కాడ రెండిండ్ల లొల్లి ముదిరితే అందరినీ అరుగు మీద కూసోబెట్టి, పొద్దుమూకే లోపల తెంపిండు. కేసు లేదు, స్టేషన్ లేదు. ఆయన బదిలీ అయినంక వచ్చినోళ్ల పేర్లు కూడా మాకు తెల్వయి.

2023ల గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డయి. హైదరాబాద్‌ల ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నరు. ముందుగాల కూసొని మాట్లాడుకున్నందుకే అది అయింది. మా దిక్కు పోలీసులు, పెద్దలు కూసొని మాట్లాడే శాంతి కమిటీ మీటింగులల్ల ఎప్పుడు చూసినా గవే పది ముఖాలు. కిరాయికుండే కూలీలను, ఆడోళ్లను కూడా పిలవాలె. బీట్ కానిస్టేబుల్‌ను కనీసం రెండేండ్లన్న ఒక్క తాన ఉంచాలె.