ఏకాంతానికి పన్నెండుమంది కావలెను

ఇటలీ పల్లెటూళ్ళో ఏకాంతంగా యోగా చేసుకోవాలంటే ముందుగా కావలసింది మరో పదకొండుమంది. వేళాకోళం కాదు, లెక్క చూడండి. టస్కనీ ప్రాంతంలో, సియెనా పట్టణానికి దక్షిణాన, వాల్ దోర్చా అనే లోయలో మేము బేరమాడిన రాతి ఇంటికి వారం అద్దె 6,000 యూరోలు. శనివారం దిగి మళ్ళీ శనివారం ఖాళీ చేయాలి. ఒక్కడే వెళ్ళి ఏకాంతం అనుభవిస్తే మొత్తం అతని నెత్తినే. ఇద్దరైతే చెరి 3,000. పన్నెండుమందైతే తలకు 500. జనం పెరిగేకొద్దీ ఏకాంతం చవకవుతుందన్నమాట. పతంజలికి ఈ సూత్రం తట్టకపోవడానికి కారణం ఆయన ఎన్నడూ ఇల్లు అద్దెకు తీసుకోకపోవడమే అయివుంటుంది.

ఆ పదకొండుమందిని పోగుచేసే భారం నా మీద పడింది. అందరం హైదరాబాదులో ఒకే పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళం, యాభై దాటినవాళ్ళం. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి దానికి 'అంతర్ముఖం' అని పేరు పెట్టాం. తొలిరోజే 214 సందేశాలు వచ్చాయి. యోగాకు సంబంధించినవి అందులో రెండు. ఆ రెండూ కూడా మోకాళ్ళ గురించి.

ఇంత మహత్కార్యాన్ని తేలిక చేసేవాళ్ళు సొంత మనుషుల్లోనే ఉంటారు. అమలాపురంలో ఉండే మా బావగారు సంగతంతా విని, "ఏమోయ్, మీ ఇంట్లో చాప లేదా? మా ఇంట్లో రెండున్నాయి, పంపించమంటావా?" అన్నారు.

శాస్త్రం చదవనివాళ్ళు వేసే ప్రశ్న ఇది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో సాధకుడి ఇల్లు ఎలా ఉండాలో మేస్త్రీకి అప్పజెప్పినంత వివరంగా ఉంది. ధర్మంగా ఏలే రాజ్యం కావాలి. భిక్ష పుష్కలంగా దొరకాలి. ద్వారం చిన్నదిగా ఉండాలి. గోడలకు కన్నాలు, నేలలో గుంటలు ఉండకూడదు. పురుగూ పుట్రా అసలే కూడదు. బయట మండపం, అరుగు, బావి, చుట్టూ ప్రహరీ ఉండాలి. లోపల ఆవుపేడతో దట్టంగా అలకాలి. ఈ జాబితా ఒక చేత్తో పట్టుకుని నేను ఆ ఇంటి ఫోటోలు ఒక్కొక్కటే పరీక్షించాను. ద్వారం చిన్నదే. ద్రాక్షతీగ పాకించిన పందిరి ఉంది కనుక మండపం ఉన్నట్టే. బావి స్థానంలో ఈతకొలను ఉంది. భిక్ష సంగతి చెప్పనక్కర్లేదు, అది తిండికి పేరుపడ్డ టస్కనీ. జంతువుల విషయంలోనే కాస్త అనుమానం. ఆ ప్రాంతంలో రాత్రిపూట అడవిపందులు తోటల్లోకి దిగుతాయి. అయితే శ్లోకం చెప్పింది ఇంటి లోపలి జంతువుల గురించే కాబట్టి దోషం లేదని వ్యాఖ్యానం రాసుకున్నాను.

మిగిలింది పేడ. చిత్రమేమిటంటే అదీ కుదిరింది. టస్కనీ రైతు ఇళ్ళలో కింద పశువుల కొట్టం, పైన మనుషుల కాపురం. కింద ఎడ్ల వెచ్చదనంతో పైన చలికాలం గడిచేది. ఇప్పుడు యోగశాల అని చూపిస్తున్న గది ఒకప్పటి కొట్టమే. పక్కనున్న కియానా లోయ ఎడ్లు ప్రపంచంలోనే భారీ పశుజాతుల్లో ఒకటి. ఒంగోలు గిత్తల్లా తెల్లగా ఉంటాయి, మూపురం మాత్రం ఉండదు. అలాంటి ఎడ్లు తరతరాలుగా నిలబడిన నేల అంటే స్వాత్మారాముడి షరతు మేము అడగకుండానే ఎన్నో ఏళ్ళు నెరవేరిందన్నమాట. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు దుక్కి మానేసి ఫ్లోరెన్సు హోటళ్ళ పళ్ళేల్లోకి వెళ్ళాయి. కొట్టంలో ఎర్రమట్టి పలకలు పరిచి మైనం రుద్దారు. ఎడ్లు ఖాళీ చేసిన చోటికి మేము వెళ్తున్నాం.

"అంత మంచి ఇల్లు ఎందుకు ఖాళీ అయింది?" అని బావగారు అడిగారు. ఈయన కొబ్బరితోట కౌలుకిచ్చిన మనిషి, ఇలాంటివి వదలరు. చెప్పాను. అక్కడ మెడ్జాద్రియా అని ఒక పద్ధతి వందల ఏళ్ళు నడిచింది. పొలమూ ఇల్లూ పట్నంలో ఉండే దొరవి, రెక్కల కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. "సగపాలు అని చెప్పవచ్చు కదా, ఇంత తిప్పడమెందుకు?" అన్నారాయన. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రైతుల పిల్లలు ఆ సగం మీద బతకలేక ఫ్యాక్టరీల దారి పట్టారు. 1964లో కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోకూడదని చట్టమే వచ్చింది. అప్పటికే చాలా ఇళ్ళ కప్పులు కూలుతున్నాయి. ఆ కూలిన కప్పుల కింద ప్రశాంతత ఉందని ముందుగా కనిపెట్టినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు. 1985లో పొలాల్లో అతిథులను ఉంచుకోవడానికి జాతీయ చట్టం చేశారు. దాని ప్రకారం సేద్యమే ప్రధాన వృత్తిగా ఉండాలి, అతిథులు దానికి అనుబంధం. ఇటలీ చట్టం దృష్టిలో మా స్థానం ఆలివ్ కాయల తర్వాతే.

ఇంటివాళ్ళు అద్దెలో సగం ముందే పంపమన్నారని కూడా చెప్పాను.

"చూశావా, ఆ ఇల్లు పాత అలవాటు మరచిపోలేదు" అన్నారు బావగారు.

ఇంతకూ అదే స్వాత్మారాముడు యోగాన్ని పాడుచేసేవి ఆరని లెక్క తేల్చాడు: అత్యాహారం, ప్రయాస, ప్రజల్పం, నియమాగ్రహం, జనసంగం, లౌల్యం. తెలుగులో చెప్పాలంటే తిండి, తిప్పలు, వాగుడు, పట్టింపు, గుంపు, చపలత్వం. మా ప్రయాణ పత్రం చూసినవాళ్ళు ఈ శ్లోకాన్ని ఎదురుగా పెట్టుకునే రాశామనుకుంటారు. గుంపు సంగతి, వాగుడు సంగతి విన్నారు. చపలత్వం అంటారా, మధ్యలో ముగ్గురు బాలి వెళ్దామన్నారు, ఒకరు రిషీకేశమన్నారు. రిషీకేశం మాట ఎత్తినాయనను రెండురోజులు ఎవరూ పలకరించలేదు.

తిప్పల విషయం కొంచెం విపులంగా చెప్పాలి. ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా రుసుము మనిషికి 90 యూరోలు. దానికి తోడు బ్యాంకు ఖాతాల నకళ్ళు, ఆదాయపు పన్ను కాగితాలు, తిరుగు టికెట్టు, మేము తప్పకుండా వెనక్కి వస్తామని నమ్మించే ఉత్తరం. లోకబంధాలు తెంచుకోవడానికి వెళ్ళేవాడు తనకు ఇక్కడ ఎన్ని బంధాలున్నాయో ముందుగా రుజువు చేయాలి. ఎంత ఎక్కువ ఇరుక్కుని ఉంటే అంత త్వరగా అనుమతి. ఆపైన 30,000 యూరోలకు తగ్గకుండా బీమా. జబ్బు చేస్తే వైద్యం, ఖర్మ కాలితే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడం కూడా అందులో ఉండాలి. పతంజలి చెప్పిన పంచక్లేశాల్లో చివరిది అభినివేశం, అంటే చావుభయం. పండితులకు కూడా అది వదలదని ఆయనే అన్నాడు. మాకు బీమా ఏజెంటు పదినిమిషాల్లో వదిలించాడు. ఇటలీలో దిగాక మరొకటి ఉంది. ఇంటివాళ్ళు మా పేర్లు, పాస్‌పోర్టు వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయాలి. నేనెవరు అనే ప్రశ్న అరుణాచలంలో జీవితకాలం తీసుకుంటుంది. ఇటలీలో ఒక్క రోజే గడువు.

తిండి మీద జరిగిన సమావేశం మూడుగంటలు నడిచింది. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాలవాళ్ళు సామానులో పాల పదార్థాలు తీసుకువెళ్ళకూడదు. అంటే ఆవకాయకు అనుమతి ఉంది, నెయ్యికి లేదు. ఈ వార్త విన్నాక సమావేశంలో పరుచుకున్న నిశ్శబ్దం నిజమైన ధ్యానానికి చాలా దగ్గరగా ఉంది. తర్వాత ఒకావిడ అన్నారు, "ఆలివ్ నూనె కలుపుకుందాం, అదీ కాయల్లోంచి తీసిందే కదా." నెయ్యి కాయల్లోంచి తీయరని ఎవరూ ఆమెకు గుర్తుచేయలేదు, అందరం అంత కుంగిపోయి ఉన్నాం. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరన్న నిజాన్ని నేను ఇప్పటిదాకా గ్రూపులో పెట్టలేదు. ఒక రోజుకు ఒక దెబ్బ చాలు.

పరాయి గడ్డ మీద మన యోగా ఏమిటని అడిగిన సభ్యుడికి మాత్రం గట్టి జవాబే ఇచ్చాను. ఫ్లోరెన్సులో పుట్టిన యోగా ఉపాధ్యాయురాలు వాండా స్కారవెల్లి స్విట్జర్లాండులోని గ్‌స్టాడ్‌లో మన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర యోగా నేర్చుకుంది. అప్పుడు ఆమె ఇంట్లో అతిథి ఎవరనుకున్నారు? మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. కాబట్టి ఇటలీ యోగా మీద మదనపల్లెకు పాత హక్కు ఉంది. ఈ వాదన చాలా బాగా పండింది. కాని ఆ కృష్ణమూర్తే తన కోసం కట్టిన పెద్ద సంస్థను 1929లో రద్దు చేశాడని వెంటనే ఎవరో అందుకున్నారు. విషయం ఇబ్బందికరంగా మారుతోందని గ్రహించి, దాన్ని పరిశీలించడానికి ముగ్గురితో ఒక ఉపసంఘం వేశాం.

ఒక రోజు విహారం కూడా ఉంది. కొర్తోనా పట్టణం పక్కన కొండలో లే చెల్లె అనే ఆశ్రమం చూడాలి. ఇది నిద్రపోతున్న చెల్లెలిని లేపడం కాదు, ఇటలీ భాషలో చిన్న గదులని అర్థం. 1211లో క్రైస్తవ సన్యాసి అసిసీ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చాడు. బట్టల వ్యాపారి కొడుకు, అన్నీ వదిలేసి ఆ రాతి గదిలో పడుకునేవాడు. పక్కన కొండవాగు. స్వాత్మారాముడి జాబితాలో ఈతకొలను తప్ప దాదాపు అన్నీ ఉన్నాయి. ఫోటో గ్రూపులో పెట్టగానే వచ్చిన మొదటి ప్రశ్న, "గదికి ఆనుకుని స్నానాలగది ఉందా?"

ఇక పట్టింపు. దినచర్యలో ఉదయం రెండుగంటలు మౌనమని మా ఉపాధ్యాయురాలు రాస్తే, బతిమాలి ఇరవై నిమిషాలకు దించాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా ఖాళీ అన్నారు. ఆ వేళలో అక్కడి ఊళ్ళలో దుకాణాలు మూసేసి జనం ఇళ్ళకు పోతారు, ఊరంతా శవాసనంలో ఉంటుంది. ఈ ఒక్క ఆసనం మాత్రం మాకు ఇక్కడే సిద్ధించింది.

ఆ ఉపాధ్యాయురాలు ఇటలీ ఆవిడే. మైసూరులో కొన్నేళ్ళుండి నేర్చుకున్నారు. పోయిన ఆదివారం వీడియోలో మమ్మల్ని చూస్తానన్నారు. తెర మీద ఆవిడ, వెనక తెల్లటి గోడ, నేల మీద మఠం వేసుకుని నిటారుగా కూర్చున్నారు. ఇటు పన్నెండు సోఫాలు. "స్థిరసుఖమాసనం" అన్నారు, ఒత్తులేవీ పోకుండా. ఆమె ఉచ్చారణ సరిదిద్దుదామని కాచుకున్న మా విశ్రాంత లెక్చరరు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. అప్పుడావిడ చాలా మర్యాదగా అడిగారు, నేల మీద కూర్చోవడానికి ఎవరికైనా ఇబ్బందా అని.

తొమ్మిదిమంది చేతులెత్తారు. ఒకాయన రెండు చేతులూ ఎత్తారు, రెండో మోకాలికి కూడా కలిపి.

ఆవిడ నవ్వలేదు. ఇంటివాళ్ళను కనుక్కుని చెప్పారు: ఊళ్ళో తిరునాళ్ళకు వాడే మడత కుర్చీలున్నాయి, రోజుకు కుర్చీకి 3 యూరోలు. తొమ్మిది కుర్చీలు, ఏడు రోజులు, 189 యూరోలు. పన్నెండుమంది మీద వేస్తే తలకు 15.75. కుర్చీ కావలసిన తొమ్మిదిమంది మీదే వేస్తే 21. నేల మీద కూర్చోగలిగిన ముగ్గురు, మేమెందుకు కట్టాలన్నారు. మోకాళ్ళు బాగుండటం దైవదత్తం, దానికి రాయితీ ఏమిటని మిగిలినవాళ్ళు అన్నారు.

దాని తర్వాత 'అంతర్ముఖం'లో ఎవరూ నోరు మెదపలేదు. ఇవాళ్టికి ఆరోరోజు.