తాగడానికి గది ఉంది, బండికి చోటేదీ?

సాయంత్రం ఏడు దాటాక బెజవాడలో ఏదో ఒక వైన్ షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. గోడవారగా ఒక వరస బండ్లు, వాటి వెనక రెండో వరస, ఆ పక్కనే ఇంజిన్ ఆపని ఆటో. రోడ్డు సగం పోయింది. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, మందుల షాపుకు బయల్దేరిన పెద్దవాళ్లు మిగిలిన సగంలో కార్లను తప్పించుకుంటూ నడవాలి.

అడిగితే తలా ఒక దిక్కు చూస్తారు. లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖ. రోడ్డు కార్పొరేషన్‌ది. చలానా రాసేది ట్రాఫిక్ పోలీసులు. ఎవరి రిజిస్టరు వారికి సక్రమంగానే ఉంటుంది. కొనడానికి వచ్చినవాడు బండి ఎక్కడ పెడతాడన్నది మాత్రం ఎవరి రిజిస్టరులోకీ ఎక్కదు.

బడికి, గుడికి 100 మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండకూడదు. ఆ దూరాన్ని మనిషి నడిచే దారి వెంట, షాపు గుమ్మం నుంచి గేటు దాకా కొలవాలని నిబంధనల్లోనే ఉంది. ఇంత ఓపిగ్గా టేపు పట్టే ప్రభుత్వం షాపు ముందు నాలుగు బండ్లకు జాగా ఉందో లేదో ఎందుకు చూడదు? హైవేలకు 500 మీటర్ల లోపు దుకాణాలు వద్దని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మున్సిపాలిటీల పరిధిలోని షాపులకు అది వర్తించదని వివరణ ఇచ్చింది. అంటే ఊళ్లో రోడ్ల సంగతి ఊరే చూసుకోవాలి. ఈ ఊరేమో కొండలకు, కాలువలకు, రైలు పట్టాలకు మధ్య ఇరుక్కుంది. వన్‌టౌన్ సందుల్ని వెడల్పు చేద్దామన్నా జాగా ఎక్కడుంది?

అడ్డంగా బండ్లు పెట్టేది మందు కోసం వచ్చినవాళ్లే కాదు, నిజమే. టిఫిన్ సెంటర్ల ముందూ అంతే, బట్టల షాపుల ముందూ అంతే. ప్లానులో పార్కింగ్ అని చూపించిన సెల్లార్లు గోడౌన్లుగా మారడం కొత్త కాదు. అయితే ఇడ్లీ కొట్టు పెట్టుకునేవాణ్ణి ప్రభుత్వం లాటరీ తీసి ఎంపిక చేయదు. మద్యం షాపును చేస్తుంది. 2024 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా 3,396 షాపులను డ్రా తీసి రెండేళ్లకు ఇచ్చారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. ఆ రుసుముల మీదే ఖజానాకు సుమారు 1,800 కోట్లు వచ్చాయి. అంత పెట్టి వచ్చిన వ్యాపారిని ఓ ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని చూపించమంటే పారిపోతాడా?

ఇక పర్మిట్ రూములు, అంటే షాపులో కొన్న మందును అక్కడే కూర్చుని తాగే గదులు. 2019లో తీసేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. ఆగిన లారీల చాటున, ఖాళీ స్థలాల్లో తాగి సీసాలు పగలగొట్టడం కంటే నాలుగు గోడల మధ్య కూర్చోవడం నయమే. ఆ వాదనను మేము కొట్టిపారేయం. కానీ వచ్చినవాడు బండి మీద వచ్చాడు. తాగాక ఏం చేయాలి? 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బుద్ధిగా బండి అక్కడే వదిలి ఆటో ఎక్కుదామంటే, రోడ్డు మీద రాత్రంతా ఉన్న బండి పొద్దున కనిపిస్తుందని నమ్మకమేంటి? దొంగ పట్టుకుపోతాడో, పోలీసులు ఎత్తుకుపోతారో తెలియదు. అందుకే చాలామంది "ఇంటికి రెండు కిలోమీటర్లేగా" అని కిక్ కొడతారు. తాగి నడపడం తప్పే. దానికి సాకు వెతకడం లేదు. బండి వదిలి వెళ్లే దారి లేకుండా తాగే గదికి అనుమతివ్వడం కూడా తప్పే.

పార్కింగ్ స్థలాలను స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్‌లో ఎప్పటినుంచో ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. లైసెన్సు ఫైలు మీద కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసుల సంతకాలు కూడా ఉండాలి. పర్మిట్ రూములో ఎన్ని కుర్చీలు వేస్తే, రాత్రంతా బండి ఉంచుకునేలా టోకెన్ ఇచ్చే స్థలం ఆ లెక్కన చూపించాలి. చూపించలేనివాడు సీసా అమ్ముకోవచ్చు, గది మాత్రం వద్దు. వచ్చే విడత నోటిఫికేషన్‌లో బడికి, గుడికి ఉన్న దూరంతో పాటు షాపు గుమ్మం నుంచి ఆ పార్కింగ్ జాగాకు ఉన్న దూరాన్నీ కొలిచి రాయాలి.